ఆరు నెలలు పాడుపెట్టిన కారు

నేను ఒక పాత కారును. హైమావతి గారు నా స్టీరింగు ముందు కూర్చుని కన్నుమూసిన రోజున, వెనకాల ఆగిన బళ్లవాళ్లంతా నా ఇంజను చెడిపోయిందనుకున్నారు.

అది గురువారం. పెద్దాపురం నుంచి కాకినాడ ఆసుపత్రికి వెళుతున్నాం. తెల్లవారినప్పటి నుంచి ఆమెకు ఎడమ భుజం లాగుతోంది. పక్క సీటులో భర్త జోగారావు మేస్టారు, ఒడిలో మంచినీళ్ల సీసా పెట్టుకుని కూర్చున్నారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కారు నడపడం మాత్రం ఇంకా నేర్చుకుంటున్నారు. అందువల్ల నొప్పి ఉన్న మనిషి నడిపారు, నొప్పి లేని మనిషి పక్కన కూర్చున్నారు.

సామర్లకోట దాటుతుండగా రైల్వే గేటు పడింది. ఆమె అలవాటు ప్రకారం గేరు తీసి, హ్యాండుబ్రేకు లాగి, తాళంచెవి తిప్పి నన్ను ఆపేశారు. గేటు పడితే ఇంజను ఆపాలన్నది ఆమె నియమం. "గూడ్సులా ఉందండీ, ఆలస్యమవుద్ది" అన్నారు. అదే ఆఖరి మాట.

గూడ్సు వెళ్లింది. గేటు లేచింది. ముందున్న బళ్లు కదిలాయి. నేను కదల్లేదు. వెనక బస్సు హారను మోగించింది, దాని వెనక లారీ మోగించింది, ఎందుకో తెలియకపోయినా దాని వెనక ఉన్న ఆటోలన్నీ మోగించాయి. లారీ డ్రైవరు దిగి వచ్చాడు.

"ఏంటి మేస్టారూ, స్టార్టవ్వట్లేదా? బోనెట్ తియ్యండి, చూద్దాం."

"ఇంజను కాదండీ" అన్నారు మేస్టారు. ఆయన క్లాసులో కూడా గొంతు పెంచేవారు కాదట. ఆ హారన్లలో ఎవరికీ వినిపించలేదు. బోనెట్ తియ్యమన్నారు కాబట్టి మీట లాగారు. నలుగురు నా మీదికి వంగారు.

"కాయిల్ వేడెక్కిపోయుంటది. తడిగుడ్డ ఎయ్యండెహె."

"పెట్రోలుందో లేదో చూసుకున్నారా ముందు?"

గేటు దగ్గర జామకాయలమ్మే ఆవిడ నిజంగానే తడిగుడ్డ తెచ్చి నా కాయిల్ మీద కప్పింది. నాకు ఏ జబ్బూ లేదు. అప్పుడు తాళంచెవి తిప్పితే చాలు, మొదటి తిప్పుకే లేచి ఉండేదాన్ని. తిప్పేవాళ్లు లేరు.

"చెడింది ఇంజను కాదండీ" అన్నారు మేస్టారు మూడోసారి. లారీ డ్రైవరు అప్పుడు అద్దంలోంచి లోపలికి చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. హారన్లు ఒకటొకటిగా ఆగాయి.

నన్ను గేటు దాటించలేదు. తాడు కట్టి, వచ్చిన దారినే వెనక్కి తీసుకుపోయారు.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక పెద్ద షెడ్డులో, ఒకే రోజున, ఒకే పోలికతో పుట్టిన అరవై మందిలో నేనొకదాన్ని. మొదట కాకినాడలో ఒక పళ్ల డాక్టరు నన్ను కొన్నాడు. ఆయన రోగుల నోళ్లు తెరిపించేవాడు గానీ నా బోనెట్ ఒక్కసారీ తెరవలేదు. తరవాత ఒక రొయ్యల వ్యాపారి కొన్నాడు. ఆ వాసన పోవడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఆపైన హైమావతి గారు. ఆమె పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. బస్సు దిగి రెండు మైళ్లు నడిచి వెళ్లేసరికి గేదెలు ఈనేస్తున్నాయని, నలభై ఏడో ఏట డ్రైవింగు నేర్చుకుని నన్ను కొన్నారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆవులు, గేదెలు నా హారను గుర్తుపట్టి లేచి నిలబడేవి. సూది సంగతి వాటికి తెలుసు.

ఆమె ఆవుకు సూది గుచ్చి గ్లూకోజు ఎక్కిస్తుంటే, సెలవు రోజుల్లో సీసా పట్టుకుని నిలబడే పని మేస్టారిది. "ఇంకాస్త ఎత్తండి, దిగట్లేదు" అనేవారు ఆమె. ఆయన ఎత్తేవారు. వాళ్ల సంసారం చాలావరకు ఈ రెండు వాక్యాల్లో జరిగింది.

రిటైరయ్యాక ఆయనకు డ్రైవింగు నేర్పడం మొదలుపెట్టారు. ఆదివారం ఆదివారం స్కూలు గ్రౌండులో పాఠం. ఫస్టు గేరుకు మూడు ఆదివారాలు, సెకండుకు రెండు, థర్డుకు రెండు. "రివర్సు వచ్చే ఆదివారం చెప్తానండి. ముందు ముందుకెళ్లడం రానీండి" అన్నారు. ఆ ఆదివారానికి మూడు రోజుల ముందే ఆ గురువారం వచ్చింది.

పదో రోజున పురోహితుడు దీక్షితులు గారు అరుగు మీద కూర్చుని పంచాంగం విప్పారు. పోయిన నక్షత్రం ధనిష్ఠ అని తేలింది. ధనిష్ఠలో పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి. అంటే మనుషులు ఖాళీ చేసి, గుమ్మానికి ముళ్లకంప కొట్టి, దీపం కూడా పెట్టకుండా వదిలెయ్యాలి. అది అద్దె ఇల్లు. ఇంటి యజమాని ముఖం మాడిపోయింది.

"కానీ పోయింది ఇంట్లో కాదు గదండీ" అన్నాడాయన వెంటనే.

దీక్షితులు గారు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, తల పైకెత్తారు. మంచి ఆలోచన వచ్చిన మనిషి ముఖం నాకు తెలుసు. పళ్ల డాక్టరుకు పన్ను దొరికినప్పుడు అలాగే ఉండేది.

"ప్రాణం ఎక్కడ పోతే దోషం అక్కడే. ప్రాణం పోయింది కారులో. కాబట్టి పాడుపెట్టాల్సింది కారునే."

హైమావతి గారి తమ్ముడు గవర్రాజు నోరు తెరిచాడు. "కారుకి నక్షత్రమేంటండీ దీక్షితులు గారూ?"

"శాస్త్రం గోడలుండాలని ఎక్కడా చెప్పలేదు బాబూ. కప్పుండాలి, గుమ్మం ఉండాలి. దీనికి కప్పుంది. గుమ్మాలైతే ఏకంగా నాలుగు."

అక్కడే చిక్కు వచ్చింది. ఏ గుమ్మం సింహద్వారం? డ్రైవరుదా, వెనకదా? ఇంటికైతే వాకిలి ఒకవైపే తిరిగి ఉంటుంది. నేను ఎటు తిప్పితే అటు తిరుగుతాను. అరగంట వాదించుకుని, చివరికి నాలుగు తలుపులకూ తుమ్మకంప కట్టారు. డిక్కీ దొడ్డిగుమ్మం కిందికి వస్తుందని దానికీ ఒక రెమ్మ గుచ్చారు. ఆ రోజుల్లో మేస్టారిని ఏం చెయ్యమంటే అది చేసేవారు. లోపలున్న ఆమె కళ్లజోడు పెట్టె ఒక్కటి తీసుకుని, తాళం వేసి లోపలికి వెళ్లిపోయారు.

ఇల్లు పాడుపెడితే ఇంటికి ఏమీ కాదు. సున్నం కాస్త రాలుతుంది. కారు సంగతి వేరు. మొదటి నెలలో నా బ్యాటరీ చచ్చింది. రెండో నెలలో టైర్లు కూర్చుండిపోయాయి. మూడో నెలలో ట్యాంకులోని పెట్రోలు పెట్రోలు కావడం మానేసింది. వానలకు లోపలి ఇనుమంతా చెమర్చింది. అయిదో నెలలో ఒక ఎలుక నా ఎయిర్ ఫిల్టరు డబ్బాలో కాపురం పెట్టింది. దానికి పంచాంగం తెలియదు. దీక్షితులు గారు మాత్రం రోజూ స్కూటరు తెచ్చి నాకే ఆనించి నిలబెట్టి, సంధ్యావందనానికి వెళ్లేవారు. స్కూటరుకు దోషం అంటదట.

ఆరు నెలలు నిండాయి. శాంతి చేసి గృహప్రవేశం చెయ్యాలన్నారు. గృహప్రవేశమంటే పాలు పొంగించాలి. పొయ్యి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ఇంజను మీదే అగ్నిస్థానమని సమాధానం వచ్చింది. కిరోసిను స్టవ్వు బోనెట్ మీద పెట్టి పాలు పొంగించారు. సగం గిన్నెలోంచి నా రేడియేటరు మీదికి పొంగాయి. అందరూ శుభమన్నారు. మేస్టారు కంపలు తీసి, డ్రైవరు సీటులో, ఆమె సీటులో, ఆమె పోయాక మొదటిసారి కూర్చుని తాళంచెవి తిప్పారు.

నేను 'టక్' అన్నాను. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు.

"పాత ఇనుముకిచ్చెయ్యండి బావగారూ" అన్నాడు గవర్రాజు. "అయినా మీకు కారెందుకండీ? నడపడం వస్తే గదా. రిజిస్ట్రేషను కాయితం కూడా ఈ నెలాఖరుకి అయిపోతంది."

ఆ మాట నిజం. నాకు పదిహేనేళ్లు నిండుతున్నాయి. కాకినాడ రవాణా ఆఫీసుకు వెళ్లి మళ్లీ కాగితం రాయించుకోవాలి. బండి తన ఇంజనుతో తాను వెళ్లాలి, తాడు కట్టి లాక్కువెళితే చూడరు. గడువు ఇరవై మూడు రోజులు. దాటితే నేను చట్టం ప్రకారం కూడా ఇనుమే.

మేస్టారు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. "మీ అక్క కాకినాడ బయలుదేరింది, గవర్రాజూ. గేటు దాకా తను తీసుకెళ్లింది. గేటు దాటించాలి."

"ఎవరు దాటిస్తారండీ?"

"నేనే."

గవర్రాజు పాల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లాడు.

మర్నాటి నుంచి వీధి వీధంతా నాకు వైద్యం చేసింది. ఇంజను గురించి ఏమీ తెలియని మనిషి ఆంధ్రదేశంలో ఇంకా పుట్టలేదు. ఒకాయన నా నోట్లో కొత్త ఇంజనాయిలు పోశాడు. ఒకాయన చెవి ఆనించి విని, "గ్యాసు" అన్నాడు. నాకో, ఆయనకో చెప్పలేదు. ఇంకొకరు తోస్తే లేస్తుందన్నారు. పన్నెండు మంది చెయ్యేసి మెట్ట వీధిలోంచి నన్ను కిందికి తోశారు. చచ్చిన బ్యాటరీ, చచ్చిన పెట్రోలు, ముక్కులో ఎలుక. ఎలా లేస్తాను? ఏటవాలు అయిపోయేదాకా సుఖంగా దొర్లి, అడుగున ఆగాను. పైకి తొయ్యవలసి వచ్చేసరికి పన్నెండు మందిలో ముగ్గురే మిగిలారు. అందులో ఒకరు మేస్టారు.

అప్పుడు బళ్లు బాగుచేసే సత్తార్ మేస్త్రిని పిలిచారు. సత్తార్ మాట కటువు, చెయ్యి మెత్తన. నా చుట్టూ ఒకసారి తిరిగి, బోనెట్ మీద మాడిన పాలు గోటితో గీకాడు.

"ఇదేంటి మేస్టారూ, ఇంజనుకి పాయసం పెట్టారా?"

మేస్టారు జరిగింది చెప్పారు. సత్తార్ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు.

"చూడండి. ఇంజనుకి కావాల్సింది మూడేనండి. నిప్పు, గాలి, పెట్రోలు. మూడూ ఉండి లేవకపోతే అప్పుడు మీ దీక్షితులు గార్ని పిలుద్దాం."

ఈ పద్ధతి మేస్టారికి నచ్చింది. ఆయన పాత లెక్కల నోటుబుక్కు తెచ్చి, మూడు మాటలు ఒకదాని కింద ఒకటి రాసి, ఎదురుగా ఖాళీ వదిలారు.

మొదట నిప్పు. కొత్త బ్యాటరీ వేశారు. ప్లగ్గు విప్పి నా ఒంటికి ఆనించి సెల్ఫు కొట్టారు. నిప్పు లేదు. నిప్పు పుట్టించే పాయింట్లు తుప్పుపట్టాయి. సత్తార్ గరుకు కాగితం మడిచి మధ్యలో పెట్టి రుద్దాడు. మళ్లీ కొడితే నీలం రవ్వ చిటుక్కుమంది. మేస్టారు నిప్పుకు ఎదురుగా టిక్కు పెట్టారు.

తరవాత గాలి. సత్తార్ ఎయిర్ ఫిల్టరు మూత తీసి, వెనక్కి తగ్గాడు. లోపల నా సీటు దూది, పంచాంగం కాగితాలు, ఎవరిదో జంధ్యం ముక్క. వాటి మధ్య అయిదు పిల్లలు, కళ్లు తెరవనివి, చిటికెనవేలు కొసంత. తల్లి మూత చప్పుడుకు ఎక్కడికో దూకింది.

"చాటలో పెట్టి కాలవ గట్టున పారేస్తానండి."

"వద్దు" అన్నారు మేస్టారు. "కళ్లు తెరవనీ."

"రెండు వారాలు పడుద్దండి! కాయితం గడువు?"

"అవి వచ్చేటప్పుడు ఎవర్నీ అడగలేదు నిజమే. అయినా ఇల్లు ఖాళీ చేయించడం నావల్ల కాదు సత్తార్."

సత్తార్ ఆకాశంలోకి చూసి, మూత మళ్లీ పెట్టాడు. "నా జన్మలో ఎలకలకి పురుడు పోసిన బండి ఇదే" అన్నాడు.

ఆ పదమూడు రోజులూ మేస్టారు రోజూ ఉదయం స్నానం చేసి వచ్చి, ఎల్ బోర్డు కట్టిన నాలో కూర్చుని, ఇంజను లేకుండానే నన్ను నడిపారు. పాత లెర్నరు లైసెన్సుకు ఆ ఆరు నెలల్లోనే గడువు తీరిపోతే కొత్తది తీసుకున్నారు. క్లచ్చు తొక్కడం, ఫస్టు, సెకండు, థర్డు. మలుపుల్లో చెయ్యి బయటపెట్టి చూపించేవారు. ఎదురుగా గోడే ఉండేది. రోడ్డున పోయేవాళ్లు మొదట్లో ఆగి చూసేవాళ్లు. తరవాత "ఎందాకా వెళ్లారండీ మేస్టారూ?" అని అడగడం మొదలుపెట్టారు. ఆయన ఆలోచించి, "గేటు దాకా" అనేవారు. రోజూ గేటు దాకానే.

పద్నాలుగో రోజున డబ్బా ఖాళీగా ఉంది. మేస్టారు గాలికి ఎదురుగా టిక్కు పెట్టారు.

ఇక పెట్రోలు. పాతది తీసి ట్యాంకు కడిగి కొత్తది పోశారు. అయినా పైకి రావడం లేదు. సత్తార్ పంపు విప్పాడు. లోపలి రబ్బరు పొర ఎండి చీలిపోయింది. నా వయసు బండికి ఆ పొర విజయవాడ నుంచి రావాలి, వారం పడుతుంది. గడువు ఎల్లుండి.

"ఒక దారుందండి" అన్నాడు సత్తార్ గెడ్డం గోక్కుంటూ. "షెడ్లో మేం చేసేదే. పంపు వదిలేసి, పైనుంచి సీసాతో కార్బురేటరుకి నేరుగా ఇచ్చేస్తాం. గ్లూకోజు సీసా దొరికితే..."

మేస్టారు వెళ్లి డిక్కీ తెరిచారు. దొడ్డిగుమ్మానికి గుచ్చిన రెమ్మ ఇంకా ఉంది. అది తీసి, గోనెసంచి జరిపారు. రెండు ఖాళీ గ్లూకోజు సీసాలు, చుట్టచుట్టిన గొట్టం. ఆమె చుట్టినట్టే ఉంది, కొస లోపలికి దోపి. ఆయన ఆ చుట్ట విప్పడానికి కాస్త సమయం తీసుకున్నారు. సత్తార్ అటు తిరిగి రించీలు సర్దుకున్నాడు.

సీసాలో పెట్రోలు పోసి ఎత్తి పట్టుకున్నారు. తాళంచెవి తిప్పారు. దగ్గాను. మళ్లీ తిప్పారు. ఏడు నెలల మసి కక్కి లేచాను. ఎదురింటి దండెం మీద బట్టలన్నీ మళ్లీ ఉతకవలసి వచ్చింది.

సీసా ఎవరో ఒకరు పట్టుకోవాలి. సత్తార్ మేస్టారి పక్కన ఉండాలి, ఎల్ బోర్డు బండికి లైసెన్సున్న మనిషి ఉండాలి కదా. అప్పుడే స్కూటరు పెట్టడానికి వచ్చిన దీక్షితులు గారు గొంతు సవరించుకున్నారు. ఆరు నెలల సంగతి ఆయన మనసులోనూ కదులుతున్నట్టుంది. "నేను పట్టుకుంటాను" అన్నారు. "వంద హోమాల్లో నెయ్యిగిన్నె పట్టుకున్న చెయ్యి ఇది."

"నెయ్యి కాదండి, పెట్రోలు" అన్నాడు సత్తార్. "మంత్రాల్లో పడి అగ్గిపుల్ల గీసేరు."

ఆఖరి రోజు ఉదయం బయలుదేరాం. మేస్టారు నడుపుతున్నారు, పక్కన సత్తార్. వెనక కిటికీలోంచి దీక్షితులు గారి చెయ్యి, చేతిలో సీసా, నా నెత్తిన ధ్వజస్తంభంలా. గొట్టం నా కప్పు మీదుగా బోనెట్‌లోకి దిగింది. దారిలో ఒకావిడ దండం పెట్టింది. ఎవరికి పెట్టిందో తెలియదు.

థర్డు గేరులో సామర్లకోట చేరాం. గేటు కనిపించింది. అది పడుతోంది.

మేస్టారు గేరు తీశారు. హ్యాండుబ్రేకు లాగారు.

"ఆపకండి మేస్టారూ! ఇంజను ఆపకండి!" సత్తార్ అరిచాడు.

అప్పటికే ఆపేశారు. ఆమె నియమం. గూడ్సు వెళుతోంది. మేస్టారు పెట్టెలు లెక్కపెడుతున్నారు. పెదవులు కదిలాయి. యాభై ఎనిమిది.

గేటు లేచింది. ముందున్న బళ్లు కదిలాయి. ఆయన తాళంచెవి తిప్పారు. నేను తిరిగాను గానీ లేవలేదు. మళ్లీ తిప్పారు. లేవలేదు. వెనక బస్సు హారను మోగించింది. ఆపైన లారీ. ఎవరో దిగి వస్తున్నారు.

"ఏంటండీ, స్టార్టవ్వట్లేదా? బోనెట్ తియ్యండి!"

మేస్టారి చెయ్యి బోనెట్ మీట దాకా వెళ్లి ఆగింది. సత్తార్ తలుపు తియ్యబోయాడు.

"ఉండు" అన్నారు మేస్టారు. కళ్లు మూసుకుని, నెమ్మదిగా, నోటుబుక్కు చదువుతున్నట్టు అన్నారు. "నిప్పు ఉంది. గాలి ఉంది." కళ్లు తెరిచి వెనక్కి తిరిగారు. దీక్షితులు గారు చెయ్యి నొప్పెట్టి, గేటు కనిపించగానే సీసా దించి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"దీక్షితులు గారూ, సీసా ఎత్తండి. దిగట్లేదు."

దీక్షితులు గారు ఎత్తారు.

"ఇంకాస్త ఎత్తండి."

గొట్టంలో బుడగలు పైకి పోయాయి. పెట్రోలు దిగింది. మేస్టారు తాళంచెవి తిప్పారు. లేచాను. ఫస్టు గేరులో, పట్టాల మీద కాస్త ఎగిరెగిరి పడుతూ, గేటు దాటాం. అవతల వైపు జామకాయలమ్మే ఆవిడ బుట్టతో నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది. చేతిలో తడిగుడ్డ ఉంది గానీ, వాడవలసిన పని పడలేదు.

రవాణా ఆఫీసులో ఇనస్పెక్టరు నా చుట్టూ తిరిగాడు. లైట్లు వేయించాడు, హారను మోగించాడు. సీసా వైపు చాలాసేపు చూశాడు.

"ఇదేంటండీ?"

"వారంలో పంపు వస్తుందండి" అన్నారు మేస్టారు. "తెచ్చి చూపిస్తాను." ఆయన ముఖం చూసి ఇనస్పెక్టరుకు నమ్మకం కలిగింది. సరే, పంపు వచ్చాక చూపించి కాగితం తీసుకెళ్లమని రాసుకుని, "వెనకాల బండొస్తంది, కాస్త రివర్సు తియ్యండి" అన్నాడు.

మేస్టారు గేరు మీద చెయ్యి వేశారు. తీసేశారు.

"రివర్సు రాదండి" అన్నారు.

ఇనస్పెక్టరు, సత్తార్, దీక్షితులు గారు కలిసి నన్ను వెనక్కి తోశారు.

పంపు వచ్చింది. కాగితం వచ్చింది. మేస్టారికి లైసెన్సు మాత్రం రాలేదు, దానికి రివర్సు తీసి చూపించాలి. ఎల్ బోర్డు అలాగే ఉంది. వారానికోసారి సత్తార్‌ను పక్కన కూర్చోబెట్టుకుని గేటు దాటి వెళ్లి వస్తారు. మా వీధి చివర మూసి ఉంటుంది కాబట్టి తిరిగి వచ్చినప్పుడల్లా నలుగురు వచ్చి నన్ను తిప్పి నిలబెడతారు. వాళ్లకు అలవాటైపోయింది, నా హారను వినగానే లేస్తారు, వెనకటి ఆవుల్లాగే. సత్తార్ రెండుసార్లు అడిగాడు. "అరగంట పనండి మేస్టారూ, నేను చెప్తాను గదా." ఆయన రెండుసార్లూ "ఆదివారం చూద్దాం" అన్నారు.

ఆదివారాలు ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి. రివర్సు పాఠం ఇంకా మొదలుకాలేదు.